పొగ తాగే డాక్టరు మాట వినాలా?

ముమ్మిడివరం మాస్టారు:
ఆయాసంతో ఉన్న మా బాబాయిని ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఓపీ మొదలు కాకముందు సైకిల్ స్టాండు వెనక సిగరెట్టు కాలుస్తూ కనిపించిన కుర్ర డాక్టరే, కాసేపటికి లోపల "చుట్ట మానేయాలి పెద్దాయనా" అన్నారు. ఆ వాసన ఇంకా ఆయన చొక్కాను వదల్లేదు. బాబాయి బయటికి రాగానే చుట్ట వెలిగించారు. ఏమనగలను? డ్యూటీ ఒత్తిడి అంటారేమో. రోజంతా నడుం వంచి ఊడ్చేవాళ్లకు లేని ఒత్తిడా? తాను మానని మనిషికి ఇంకొకరికి చెప్పే అర్హత లేదంటాను. కాదనేవారు చెప్పండి.

రాత్రి డ్యూటీ నర్సు, అమలాపురం:
నేను కాదంటాను మాస్టారూ. ఆ డాక్టరు ముందు రాత్రి ఎలా గడిచిందో మీకు తెలుసా? వానాకాలంలో పాము కాట్లు, పురుగుల మందు తాగినవాళ్లు, కాన్పులు అన్నీ ఒకే రాత్రి వస్తాయి. ఉద్యోగంలో మనిషి ఇలా అరిగిపోవడాన్ని కొలవడానికి 1981లో క్రిస్టినా మస్లాక్, సుసాన్ జాక్సన్ అనే మనస్తత్వ పరిశోధకులు ఒక ప్రశ్నావళి ప్రచురించారు. మనసులో సత్తువ అడుగంటిందా, ఎదుటివాళ్లను మనుషులుగా చూడటం తగ్గిందా, తన వల్ల ఏమీ కావడం లేదనిపిస్తోందా అని చూస్తుంది అది. రెండోది మా వార్డులో రోజూ వినిపిస్తుంది. "మూడో బెడ్డు ఆయాసం" అంటాం, పేరు పలకం. అంతగా అరిగిపోయిన డాక్టర్లకు, నర్సులకు పొగ సంగతి అడిగే ఓపిక కూడా ఉండదు. మీ డాక్టరు అడిగారు, నాకు అదే గొప్పగా ఉంది.

లంక రైతు:
మా తాతల కాలం నుంచి లంక పొగాకు వేసిన కుటుంబం మాది. 1947లో రాజమండ్రిలో పొగాకు పరిశోధన కేంద్రం పెట్టింది ప్రభుత్వమే, మానమనేదీ ప్రభుత్వమే. అర్హతల లెక్క తీస్తే ఎవరూ మిగలరు మాస్టారూ.

పరిశోధక విద్యార్థిని, కాకినాడ:
నేను చదువుతున్నది ఆరోగ్య మనస్తత్వ శాస్త్రం. మాస్టారి ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి.

మొదటిది అర్హత. 1951లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే బ్రిటిష్ పరిశోధకులు పొగకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం తేల్చడానికి ప్రశ్నలు పంపింది బ్రిటన్ వైద్యులకే. వారిలో చాలామంది పొగరాయుళ్లు, అంతమాత్రాన అందులో తేలిన నిజం అబద్ధం కాలేదు. డాల్ కూడా ఒకప్పుడు తాగినవారే, తన పరిశోధనలో తేలింది చూసి మానేశారు. ఇక సలహా సంగతి. ఎవరూ ఏమీ చెప్పకుండా మానేవారు నూటికి ఇద్దరో ముగ్గురో ఉంటే, డాక్టరు క్లుప్తంగా చెప్పినందువల్ల ఇంకో ఒకరి నుంచి ముగ్గురి దాకా మానతారని అధ్యయనాలను కలిపి చూసినవారు లెక్క కట్టారు. చిన్న సంఖ్యే. కానీ ఓపీలో వరుస ఎంత పొడవో మీకు తెలుసు.

రెండోది ఒత్తిడి. అలసట వల్లే డాక్టరు పొగ తాగారన్నట్టు మాట్లాడిన నర్సుగారితో కూడా ఇక్కడ నాకు పేచీ ఉంది. సిగరెట్టు ఒత్తిడిని తగ్గిస్తుందన్నది చాలావరకు భ్రమ. పొగాకులో అలవాటు పట్టించేది నికోటిన్; రక్తంలో అది సుమారు రెండు గంటలకు సగానికి పడిపోతుంది, చిరాకు మొదలవుతుంది, ఇంకొకటి వెలిగిస్తే ఆ చిరాకే తగ్గుతుంది. మానేసినవారిలో ఆందోళన, ఒత్తిడి తగ్గాయని 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష చెప్పింది. కాబట్టి అలసట వల్ల పొగా, పొగ వల్ల అలసటా అన్నది ఒక్క రోజు ప్రశ్నలు పంచి తేల్చలేం. అవే మనుషులను ఏళ్ల తరబడి వెంబడించాలి.

ముమ్మిడివరం మాస్టారు:
లెక్కలు బాగున్నాయమ్మా. కానీ ఆసుపత్రి ఆవరణలో పొగ తాగడం నేరం. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల నిబంధనలు అమల్లో ఉన్నాయి, 200 రూపాయల దాకా జరిమానా. బడిలో నేను అదే పని చేస్తే ఊరుకుంటారా?

రాత్రి డ్యూటీ నర్సు, అమలాపురం:
వేయండి జరిమానా, నేనే రసీదు రాస్తాను. అలాగే ఖాళీ పోస్టులు నింపనివాళ్లకు కూడా ఎంతో చెప్పండి. ఇలాంటి అలసట జబ్బు కాదు, ఉద్యోగానికి సంబంధించిన పరిణామం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో స్పష్టం చేసింది. మా పైవాళ్లకు తోచిన మందు మాత్రం యోగా తరగతి. అదీ రాత్రి డ్యూటీ దిగిన గంటకు! వెళ్లినవాళ్లందరూ శవాసనంలోనే నిద్రపోయారు.

పరిశోధక విద్యార్థిని, కాకినాడ:
నర్సుగారూ, ఆ పాపం యోగాది కాదు, వేళది. అయినా పొగ గురించి అడిగే భారం డాక్టరు మీదే ఎందుకు? ఓపీ చీటీ మీద బీపీ రాసేటప్పుడే ఎవరైనా అడిగి రాయవచ్చు కదా. మానాలనుకునేవారికి 1800-11-2356 అనే ఉచిత సహాయ నంబరు ఉంది. 2018 నుంచి సిగరెట్టు పెట్టెల మీద కూడా వేస్తున్నారు.

లంక రైతు:
మా సంతలో విడిగా అమ్మే చుట్టకు పెట్టే లేదు, నంబరు ఎక్కడ వేస్తారమ్మా? ఇంకో మాట. "సిగరెట్టు తాగుతావా?" అని అడిగితే మా వాళ్లు "లేదండి" అంటారు, అది అబద్ధం కూడా కాదు. చీటీ మీద చుట్ట, బీడీ, ఖైనీ వేటికవి అచ్చు వేయించి అడగండి. మాస్టారి బాబాయిగారు అప్పుడు లెక్కలోకి వస్తారు.

రాత్రి డ్యూటీ నర్సు, అమలాపురం:
అచ్చు దాకా ఎందుకండీ, రేపటి చీటీల మీద నేనే చేత్తో రాస్తాను. బీపీ చూసే పిల్ల సెలవు పెట్టకుండా ఉంటే.