కత్తి మింగేవారు నిజంగా మింగుతారా? ‘మింగు’ అనే క్రియ గురించి

నిన్న మన బృందంలో ఒక సోదరి అడిగారు: “కత్తి మింగడాన్ని గారడీ అనాలా, కనికట్టు అనాలా, సాము అనాలా?” దాని కింద నలుగురు “అదంతా మోసం, మడత కత్తి” అని తేల్చేశారు. ఆ తీర్పు నాకు మింగుడుపడలేదు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు కళ్లారా చూసింది చెబుతాను. నా చిన్నతనంలో ఐనవోలు మల్లన్న జాతరకు నానమ్మ నన్ను వెంట తీసుకుపోయింది. ఒకవైపు ఒగ్గు డోళ్ల దరువు, ఇంకోవైపు గుంపు మధ్యలో ఒక నడివయసు మనిషి. కత్తిని ముందు వరుసలో ఉన్న పెద్దాయన చేతికిచ్చి రాతి మీద కొట్టి చూడమన్నాడు. ఖంగుమంది. తిరిగి తీసుకుని తడిగుడ్డతో తుడిచాడు, రెండు వైపులా నాలుకతో తడిపాడు. తల వెనక్కి వాల్చి గడ్డం ఆకాశానికెత్తాడు. నాకు ఇప్పటికీ కళ్ల ముందు కదిలేది ఆయన వేళ్లు. అవి కత్తిని తొయ్యడం లేదు, ఆపుతున్నాయి. దాని బరువుకు అదే దిగుతోంది. పెదవుల దగ్గర పిడి సన్నగా అదురుతోంది. “చూడకు బిడ్డా” అని నానమ్మ నా ముఖం మీద కొంగు కప్పింది. ఆ నేత చీర సందుల్లోంచే మిగతాది చూశాను.

ఇక క్రియ దగ్గరికి వద్దాం. మీ గొంతు మీద వేలు పెట్టి ఒక గుటక వేయండి. లోపలి ముడి పైకి లేచి దిగుతుంది. ఆ క్షణంలో శ్వాసనాళం మూసుకుంటుంది, అన్నవాహిక పైనున్న కండరం తెరుచుకుంటుంది, వెనుక నుంచి కండరాలు అలలా ముద్దను కిందికి నెడతాయి. మింగడమంటే అదీ. కత్తి విషయంలో ఇదేదీ జరగకూడదు. గుటక పడితే కండరాలు కత్తిని బిగించి పట్టేస్తాయి. కొండనాలుక దగ్గర ఏదైనా తగిలితే ఓకరింపు వస్తుంది కదా, అదీ రాకూడదు. పైకండరం సాధారణంగా బిగుసుకునే ఉంటుంది, దాన్ని వదులుగా ఉంచాలి. అప్పుడు నోరు, గొంతు, అన్నవాహిక ఒకే గీతలోకి వస్తాయి. కత్తి గుండె వెనుకగా దిగి జీర్ణాశయం దాకా వెళుతుంది. పళ్ల నుంచి అక్కడికి పెద్దవారిలో సుమారు 40 సెంటీమీటర్లు, అంటే మూరకు కాస్త తక్కువ.

‘మింగలేక కక్కలేక’ అని మనం ఇబ్బందికి వాడే పలుకుబడి ఇక్కడ తిరగబడుతుంది. ఆయన చేసేది మింగకుండా, కక్కకుండా నిలబడడం. ‘దిగమింగు’ అనే మాటలో ‘దిగ’ మాత్రమే ఈ పనికి వర్తిస్తుంది, ‘మింగు’ వర్తించదు. కాబట్టి ‘కత్తి దింపుకోవడం’ అనడమే సరైనదని నా అభిప్రాయం.

కనికట్టు అంటే కన్నును కట్టేసేది, లేనిది ఉన్నట్టు చూపేది. మడత కత్తితో చేసినవారికి ఆ మాట చెల్లుతుంది. అసలైన ప్రదర్శనలో కత్తి అంచు మొద్దుగా ఉంటుంది, అంతే. ఉక్కు ఉక్కే. గారడీ మాట ‘గారుడం’ నుంచి వచ్చింది. గరుడుడి పేరు మీద పాము విషం దించే విద్య అది, తర్వాత మాయాజాలమంతటికీ పాకింది. ‘సాముగరిడీ’లోని గరిడి వేరు. అది సాము నేర్చుకునే చోటు. కన్నడిగులు ఇప్పటికీ వ్యాయామశాలను గరడి మనె అంటారు. మా వరంగల్‌లో దాన్ని తాలీం అంటాం. కత్తి దింపుకోవడం గరిడి వైపు పని, గారుడం వైపు పని కాదు. మాట ధ్వని దగ్గరగా ఉండబట్టి రెండూ కలిసిపోయాయి. ఆ కలగాపులగంలో ఒక మనిషి ఏళ్ల శ్రమ మోసంగా మారిపోయింది. నాకు బాధ కలిగేది అక్కడే.

మా కొత్తవాడలో మగ్గాల ఇళ్ల ముందుకు సాధనాశూరులు వచ్చేవారు. పద్మశాలీలను ఆశ్రయించి, సాధనతో నేర్చిన విన్యాసాల ప్రదర్శనలిచ్చే కులం వారిది. శూరత్వం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పేరే చెబుతోంది.

వ్యాఖ్య: మాస్టారూ, నమస్కారం. నేను జగిత్యాలలో నర్సుగా చేస్తాను. కడుపులోకి గొట్టం వేసేటప్పుడు రోగులను మేము “గుటక వేయండి” అంటాం. మీరు గుటక పడకూడదంటున్నారు. తేడా ఏమిటి?

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. ఆ గొట్టం మెత్తగా వంగేది, అల దాన్ని లాక్కుపోతే మేలే. ఉక్కు వంగదు. మీ వృత్తికి, ఈ విద్యకు పాత చుట్టరికం ఉంది. 1868లో జర్మనీలో అడాల్ఫ్ కుస్మౌల్ అనే వైద్యుడు గట్టి గొట్టంతో జీర్ణాశయంలోకి తొంగిచూడాలనుకున్నప్పుడు, దాన్ని భరించగలిగినవాడు కత్తి మింగే ఒక ప్రదర్శకుడే. 1906లో అన్నవాహిక లోపలి నుంచి గుండె విద్యుత్తును నమోదు చేసినప్పుడు కూడా అలాంటి వ్యక్తే సాయపడ్డాడు.

వ్యాఖ్య: నిజమే అయితే దెబ్బలు తగలవా అన్నయ్యా?

జవాబు: తగులుతాయి తమ్ముడూ. 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 46 మంది ప్రదర్శకుల అనుభవాలు అచ్చయ్యాయి. వారిలో ఆరుగురికి గొంతు లేదా అన్నవాహిక చిల్లుపడింది. దృష్టి మరలినప్పుడు, కొత్త విన్యాసం కలిపినప్పుడు, పాత గాయం మానకముందే మళ్లీ చేసినప్పుడు ప్రమాదం పెరుగుతుంది. ఓకరింపును అణచడానికే ఏళ్లు పడుతుంది. పిల్లలు చెంచాతోనైనా సరే దీన్ని అనుకరించకుండా చూడండి.

వ్యాఖ్య: ‘కత్తి మీద సాము’ కూడా దీని నుంచే వచ్చిందా?

జవాబు: కాదు. అది కత్తి అంచు మీద నిలబడి సాము చేసినంత కష్టమైన పని అని. ఇక్కడ కత్తి లోపల ఉంది, సాము కూడా లోపలే.

వ్యాఖ్య: మరి ఆ మనిషిని ఏమనాలి మాస్టారూ? ‘కత్తి మింగేవాడు’ అనడానికి ఇప్పుడు నోరు రావడం లేదు.

జవాబు: నాకూ తోచలేదమ్మా. నానమ్మ ఆ రోజు గిన్నెలో పావలా వేస్తూ “ఆ కత్తాయన” అంది. మీ జాతరల్లో, అంగళ్లలో పెద్దలు ఏ మాట వాడేవారో అడిగి ఇక్కడ రాయండి.