వీడియోలో చెప్పినట్టే చేస్తున్నా ఉల్లిపాయలు ఎందుకు మాడుతున్నాయి?

కొత్తచేయి:
ఈమధ్యే సొంతంగా వండుకోవడం మొదలుపెట్టాను. వీడియోలో "ఉల్లిపాయలు 5 నిమిషాలు వేయించండి" అంటారు. నా మూకుడులో ఆ టైముకి కొన్ని ముక్కలు నల్లబడతాయి, కొన్ని పచ్చిగానే ఉంటాయి. ఒక్కోసారి అసలు రంగే మారవు, నీళ్లు ఊరి ఉడికిపోతాయి. స్టవ్ మార్చాలా, గిన్నె మార్చాలా?

సన్నమంట:
రెండూ మార్చక్కర్లేదండీ. ముందు ఆ నిమిషాల లెక్క వదిలేయండి. వాళ్ల మంట వేరు, మీ మంట వేరు, గిన్నె మందమూ వేరే. మీరు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు. కొన్ని మాడి కొన్ని పచ్చిగా ఉన్నాయంటే ముక్కలు సమానంగా తరగలేదు, మంట కూడా ఎక్కువైంది. నీళ్లు ఊరుతున్నాయంటే గిన్నెకి పట్టేదానికన్నా ఎక్కువ వేశారు.

నీరు మరిగేది 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర. తడి ఆరేదాకా ముక్కల వేడి అంతకు మించి ఎక్కదు. ఎర్రగా వేగాలంటే సుమారు 140 అయినా కావాలి. అందుకే చాలాసేపు ఏమీ జరగనట్టు ఉండి, ఉన్నట్టుండి రంగు తిరుగుతుంది. చెవి పెట్టి వినండి. తడి ఉన్నంతసేపు సుయ్‌మని గట్టిగా చప్పుడొస్తుంది, ఆరేకొద్దీ అది సన్నబడి చిటపటల్లోకి దిగుతుంది. మంట తగ్గించాల్సింది అప్పుడే. ఫోన్ చూడకూడనిదీ అప్పుడే!

అట్లకాడ:
చప్పుడు సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. ఉల్లిపాయలు మెత్తబడితే చాలనుకుంటే మొదట్లోనే చిటికెడు ఉప్పు వేయండి, నీరు వదిలి త్వరగా మగ్గుతాయి. కరకరలాడాలంటే ఉప్పు చివర్లోనే. వెల్లుల్లి మాత్రం ఉల్లిపాయలతో పాటే వేయొద్దు, సన్నటి ముక్కలు కదా, ముందే మాడి చేదెక్కుతుంది.

కొలతచెంచా:
అందరూ "చూసి తెలుసుకో, విని తెలుసుకో" అంటారు. కొత్తవాళ్లకి అదే పెద్ద టెన్షన్. నాకైతే కొలతలే ధైర్యం ఇచ్చాయి. టీస్పూన్ అంటే 5 మిల్లీలీటర్లు, టేబుల్‌స్పూన్ అంటే 15. టీస్పూన్‌కి బదులు టేబుల్‌స్పూన్ వాడితే ఉప్పు మూడింతలు పడుతుంది. కొలత చెంచాల సెట్ ఒకటి కొనుక్కోండి.

సన్నమంట:
కొలతచెంచా గారూ, ఒప్పుకుంటాను, కానీ సగమే. కల్లుప్పు, మెత్తటి ఉప్పు ఒకే చెంచాలో ఒకే బరువు తూగవు. పైగా నీళ్లు ఇగిరేకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది. మొదట తగ్గించి వేసి, దించేముందు రుచి చూసి సరిచేయడమే మేలు.

రాత్రిడ్యూటీ:
మంట మీద పట్టు రావాలంటే గుడ్లతో మొదలుపెట్టండి. తెల్లసొన సుమారు 62 డిగ్రీలకే గట్టిపడటం మొదలవుతుంది, మరిగేంత వేడి అక్కర్లేదు. సన్నమంట మీద గిలక్కొట్టిన గుడ్డు కలుపుతూ, ఇంకా కాస్త తడిగా ఉండగానే స్టవ్ కట్టేయండి. మిగతాది గిన్నె వేడికే అయిపోతుంది. పూర్తిగా అయ్యాక కడితే రబ్బరే.

అట్లకాడ:
ఇంకో ముఖ్యమైన మాట. నూనె పొగలు కక్కుతుంటే వెంటనే మంట ఆపండి. ఒకవేళ అంటుకుంటే నీళ్లు మాత్రం పోయొద్దు, మంట ఎగిసి మీదికొస్తుంది. స్టవ్ కట్టేసి మూత పెట్టి, పూర్తిగా చల్లారేదాకా తీయకండి. మిగిలిన అన్నం కూడా పొద్దుటిదాకా బయట వదిలేయొద్దు, 2 గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. అందులో పెరిగే కొన్ని బ్యాక్టీరియాల విషం మళ్లీ వేడిచేసినా పోదు.

కొత్తచేయి:
అందరికీ థాంక్స్. ఈసారి సగం సగం వేసి చూస్తాను. మూత పెట్టి వేయిస్తే తొందరగా అవుతుందా?

సన్నమంట:
మూత పెడితే ఆవిరి బయటికి పోదు. ముక్కలు మగ్గుతాయి తప్ప వేగవు. బంగాళాదుంపల్లాంటివైతే ముందు మూత పెట్టి మగ్గించి, లోపల మెత్తబడ్డాక మూత తీసి వేయించండి. మూతకి పట్టిన నీళ్లు మాత్రం మూకుడులో పడనీయకండి.