క్యూజీఐఎస్: స్నాపింగ్ ఆన్‌లోనే ఉంది, అయినా సర్వే నంబర్ల మధ్య సందులు

పొలంగట్టు:
క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో గ్రామ పటం స్కాన్‌ని జియోరిఫరెన్స్ చేసి (నేల మీది అసలు స్థానానికి సరిపెట్టి) సర్వే నంబర్లను పాలిగన్లుగా (మూసిన ఆకారాలుగా) గీస్తున్నాను. ప్రాజెక్టు, లేయర్లు యూటీఎం 44ఎన్‌లోనే (మీటర్లలో కొలిచే కోఆర్డినేట్ పద్ధతి) ఉన్నాయి. స్నాపింగ్ (క్లిక్ చేసిన పాయింటు దగ్గర్లోని మూలకో గీతకో అతుక్కోవడం): ఆల్ లేయర్స్, వెర్టెక్స్ (మూల బిందువు), టాలరెన్స్ (ఎంత దూరం నుంచి అతుక్కోవాలో) 12 పిక్సెళ్లు. అయినా పక్కపక్క నంబర్ల మధ్య సన్నటి సందులు వస్తున్నాయి. కాలువ వెంట గట్టు మీద క్లిక్ చేస్తే పాయింటు ఎగిరి కాలువ గీతకు అతుక్కుంటోంది. టాలరెన్స్ పెంచాలా, తగ్గించాలా?

గొలుసు66:
రెండూ వేర్వేరు జబ్బులండీ. ముందు కాలువ సంగతి. 12 పిక్సెళ్లంటే నేల మీద ఎంత అన్నది జూమ్‌ని బట్టి మారుతుంది. 96 డీపీఐ తెర మీద 1:2000 స్కేల్‌లో 6 మీటర్ల పైమాటే, 1:500లో మీటరున్నర. గట్టుకీ కాలువకీ మధ్య 3 మీటర్లే ఉంటే ఎగరక ఏం చేస్తుంది? ఆల్ లేయర్స్ బదులు అడ్వాన్స్‌డ్ కాన్ఫిగరేషన్ ఎంచుకుని, సర్వే నంబర్ల లేయర్‌కి ఒక్కదానికే టిక్ ఉంచండి. కాలువ, రోడ్డు లేయర్లకు తీసేయండి.

ఇక సందులు. పక్క పొలం గట్టు మధ్యలో మీ గట్టు వచ్చి తగిలే చోట మూల ఉండదు. వెర్టెక్స్ ఒక్కటే పెడితే అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. సెగ్మెంట్ (రెండు మూలల మధ్య గీత) కూడా టిక్ చేయండి. క్లిక్ కొట్టే ముందు గులాబి గుర్తు చూడండి: నలుచదరమైతే వెర్టెక్స్, డమరుకంలా ఉంటే సెగ్మెంట్.

యూటీఎం44:
సెగ్మెంట్ పెట్టి వదిలేస్తే సగం పనే. మీ మూల పక్క పాలిగన్ గీత మీద కూర్చుంటుంది గానీ ఆ గీతలో వెర్టెక్స్ పుట్టదు. రేపు పక్కవాడి గట్టు జరిపితే మళ్లీ సందు. టోపలాజికల్ ఎడిటింగ్ బటన్ నొక్కి ఉంచితే అక్కడ వెర్టెక్స్ తనే చేరుతుంది.

నేనైతే అవాయిడ్ ఓవర్‌ల్యాప్ ఆన్ యాక్టివ్ లేయర్ కూడా పెడతాను. ఉమ్మడి గట్టు దగ్గర ఖచ్చితంగా గీయక్కర్లేదు, పక్క పొలంలోకి కాస్త చొరబడి గీసి రైట్ క్లిక్ చేస్తే చొరబడిన ముక్క తెగిపోతుంది. వంకరటింకర గట్టయితే టీ కీ నొక్కి ట్రేసింగ్ (ఉన్న గీత వెంబడే గీయడం) వాడండి. తెర మీద ఫీచర్లు మరీ ఎక్కువైతే ట్రేసింగ్ ఆగిపోతుంది, దగ్గరికి జూమ్ చేయాలి.

పొలంగట్టు:
సెగ్మెంట్, టోపలాజికల్ పెట్టాక కొత్తవి బాగా వస్తున్నాయి. పాతవాటి సంగతి?

గొలుసు66:
ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో స్నాప్ జామెట్రీస్ టు లేయర్ ఉంది. ఇన్‌పుట్, రిఫరెన్స్ రెండింటికీ అదే లేయర్ ఇవ్వండి. టాలరెన్స్ డిఫాల్ట్ 10, అంటే మీ లేయర్‌లో 10 మీటర్లు! చిన్న కమతాల మూలలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. 0.2తో మొదలుపెట్టండి, సర్వే కొలత గొలుసులో ఒక లింకు అంత. చాలకపోతే 0.5. ఫలితం కొత్త లేయర్‌గా వస్తుంది, పాతది చెక్కుచెదరదు.

ఆ తర్వాత టోపాలజీ చెకర్‌లో మస్ట్ నాట్ హావ్ గ్యాప్స్, మస్ట్ నాట్ ఓవర్‌ల్యాప్ రూల్స్ పెట్టి చూడండి. మధ్యలో చెరువుకి పాలిగన్ గీయకపోతే దాన్ని కూడా సందుగానే చూపిస్తుంది, కంగారుపడి మూసేయకండి.