అమ్మానాన్నలను రేణిగుంటలో ఫ్లైట్ ఎక్కించాలి, వాళ్ళిద్దరే వెళ్ళగలరా?

చిత్తూరు_కుర్రోడు:
అందరికీ నమస్తే. మా అమ్మానాన్న చిత్తూరులో ఉంటారు, నేను హైదరాబాద్‌లో. వచ్చే నెల పాప అన్నప్రాశన, వాళ్ళు రావాలి. ఎప్పుడూ వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌కే వస్తారు, ఈసారి లోయర్ బెర్తులు దొరకలేదు, పైగా అమ్మకు మోకాళ్ళ నొప్పులు, అర్ధరాత్రి ఊగే రైల్లో బాత్‌రూమ్ దాకా నడవడం అంటే నాకే టెన్షన్. అందుకే రేణిగుంట (తిరుపతి ఎయిర్‌పోర్ట్) నుంచి ఫ్లైట్ అనుకుంటున్నా. ఇద్దరూ ఇంతవరకు విమానం ఎక్కలేదు, నాకేమో వెళ్ళి తీసుకురావడానికి సెలవు లేదు. బాబాయి కార్లో దించుతాడు కానీ లోపలికి రాలేడు కదా. వీల్‌చైర్ ఇస్తారా? తినడానికి ఏమైనా ఉంటుందా? ఎప్పుడు బయలుదేరాలి? నాన్న మాత్రం చెన్నై అయితే పెద్దది, అన్నీ ఉంటాయి అంటున్నారు.

రేణిగుంట_లోకల్:
చెన్నై మాట మర్చిపోండి అన్నా. మీ ఊరి నుంచి అక్కడి ఎయిర్‌పోర్ట్ ఉండే మీనంబాక్కం 150 కిలోమీటర్లకు పైనే, సిటీ ట్రాఫిక్ అదనం. రేణిగుంట 85 దాకా ఉంటుంది, చంద్రగిరి దాటాక తిరుపతి ఊళ్ళోకి పోకుండా బైపాస్ పట్టుకుంటే రెండు గంటల్లోపే వచ్చేయొచ్చు.

అసలు చిన్న ఎయిర్‌పోర్ట్ కావడమే మీవాళ్ళకు మంచిది. ఇప్పుడున్న టెర్మినల్ 2015 అక్టోబరులో మోదీ ప్రారంభించింది, గరుత్మంతుడి ఆకారంలో ఉంటుందని గరుడ టెర్మినల్ అంటారు (కింద నిలబడి చూస్తే నాకైతే ఏ రెక్కా కనిపించలేదు, అది వేరే సంగతి). రద్దీ వేళ 700 మందికి సరిపోయేలా కట్టారు. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో తిరిగినంత తిరగక్కర్లేదు, తప్పిపోవడానికి చోటు కూడా లేదు. గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ వాళ్ళు టికెట్, ఒరిజినల్ ఆధార్ చూస్తారు, ఫోన్‌లో ఉంది అని నాన్న వెతుక్కుంటూ నిలబడకుండా రెండూ చేతిలో పెట్టి పంపండి.

వీల్‌చైర్ ఎయిర్‌లైన్ వాళ్ళే ఇస్తారు, టికెట్ బుక్ చేసేటప్పుడే పెట్టేయండి, కనీసం 48 గంటల ముందైనా చెప్పాలి. అమ్మకు పెడితే చాలు, నాన్న ఆ తోసే అబ్బాయి వెంటే నడుస్తారు, కౌంటరు, సెక్యూరిటీ అన్నీ అతనే దాటిస్తాడు. శంషాబాద్‌లో దిగాక కూడా బయట మీరు నిలబడే చోటికి తెచ్చి అప్పగిస్తారు. నిజానికి వీల్‌చైర్ అవసరం అక్కడే ఎక్కువ, నడక చాలా ఉంటుంది.

తిండి సంగతి పెద్దగా ఆశపెట్టుకోవద్దు, కాఫీ, స్నాక్స్ దొరుకుతాయి, రేటు చూస్తే నాన్న తాగరు. పులిహోర కట్టివ్వండి, సెక్యూరిటీలో ఏమీ అనరు.

కిటికీ_సీటు:
ఒక్క మాట కలుపుతా. బుక్ చేసే ముందు ఏ విమానమో చూడండి. ఇండిగోకు ఎయిర్‌బస్సులూ ఉన్నాయి, 78 సీట్ల ఏటీఆర్‌లూ ఉన్నాయి. ఏటీఆర్ అంటే ఫ్యాన్లు తిరిగే చిన్న విమానం, వెనకవైపు తలుపు నుంచి ఎక్కాలి, చప్పుడు కాస్త ఎక్కువ, మబ్బుల్లో కుదుపూ తెలుస్తుంది. మొదటిసారి ఎక్కేవాళ్ళకు ఎయిర్‌బస్ మేలు. ఏటీఆరే దొరికితే భయమేమీ లేదు, కాకపోతే పైన బ్యాగు పెట్టే అర చిన్నది, కొంచెం పెద్ద బ్యాగైతే మెట్ల దగ్గరే తీసుకుని కింద వేస్తారు. బీపీ మాత్రలు, కళ్ళజోడు, ఫోన్ ఒక చేతిసంచిలో విడిగా పెట్టమనండి. సీట్లు ముందే తీసుకోండి, ఇద్దరికీ పక్కపక్కన రాకపోతే అమ్మగారు దారంతా దిగులు పడతారు.

మదనపల్లె_మామ:
మీరంతా పొగుడుతున్నారు కానీ నా బాధ నాది. 2017లో ఇంటర్నేషనల్ అని ప్రకటించారు, 2,286 మీటర్ల రన్‌వేను 3,810కి పెంచారు, రాయచోటి, పీలేరు, మా మదనపల్లె నుంచి కువైట్ పోయేవాళ్ళు మాత్రం ఇప్పటికీ పెట్టెలు నెత్తిన పెట్టుకుని చెన్నైకో బెంగళూరుకో పోవాల్సిందే. బోర్డు మారింది, బతుకు మారలా. హైదరాబాద్ వరకైతే బాగానే ఉంది, ఒప్పుకుంటా. తిరుగు ప్రయాణంలో ఒకటి చూసుకోండి, ఇక్కడ దిగిన ప్రతి మనిషీ కొండకే పోతాడనుకుని టాక్సీవాళ్ళు రేటు చెప్తారు. చిత్తూరు అనగానే రిటర్న్ ఖాళీగా రావాలి సార్ అని ఇంకొంత వేస్తారు. బాబాయినే రమ్మనండి.

చిత్తూరు_కుర్రోడు:
చాలా థ్యాంక్స్ అన్నా, మామా, అందరికీ. మధ్యాహ్నం ఎయిర్‌బస్ దొరికింది, వీల్‌చైర్ పెట్టేశా. అమ్మ ఇప్పటికే ఆవకాయ, నిప్పట్లు, కాణిపాకంలో కొట్టించిన కొబ్బరికాయ అని లిస్టు చదువుతోంది. ఇవన్నీ తీసుకెళ్ళనిస్తారా?

కిటికీ_సీటు:
చేతి బ్యాగు 7 కిలోలు, కౌంటర్‌లో ఇచ్చేసే చెక్‌ఇన్ బ్యాగు మామూలుగా మనిషికి 15. నిప్పట్లు ఎక్కడైనా పెట్టుకోవచ్చు, లడ్డూలు కూడా. ఆవకాయ చేతి బ్యాగులో వద్దు, నూనె కారకుండా రెండు కవర్లు చుట్టి చెక్‌ఇన్‌లో వేయండి. కొబ్బరికాయతోనే గొడవ. శబరిమల ఇరుముడిలో కాయ క్యాబిన్‌లోకి తీసుకెళ్ళడానికి 2024లో సీజన్ వరకు ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాల్సి వచ్చింది, అంటే మామూలు రోజుల్లో ఒప్పుకోరనే. ఎండుకొబ్బరి అయితే రెండింట్లోనూ వద్దంటారు, త్వరగా అంటుకుంటుందని. ఆ చిప్పలు ఇంట్లోనే పచ్చడి చేసుకుని తినేసి రమ్మనండి.

రేణిగుంట_లోకల్:
చెక్‌ఇన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు, రెండు గంటల ముందు గేటు దగ్గర ఉండేలా బయలుదేరమనండి. బాబాయిని వెంటనే వెళ్ళిపోవద్దని చెప్పండి, వీల్‌చైర్ అబ్బాయి వచ్చేదాకా బయట ఉంటే చాలు.