భాండశుద్ధి లేని పాకమేల: లోతు పాన్ కొనబోతూ ఒక సందేహం

అరసున్న: పెద్దలకు నమస్కారం. ఓవెన్‌లో పెట్టి కాల్చేందుకు లోతైన పాన్ ఒకటి కొందామని నాలుగు రోజులుగా చూస్తున్నాను. చూసినప్పుడల్లా వేమన పద్యంలోని రెండో పాదం నాలుక మీదికి వచ్చి, ఎక్కడో ఒక అక్షరం దగ్గర తడబడి వెనక్కు పోతోంది. "భాండశుద్ధి లేని పాకమది యేల" అని నాకు గుర్తు. పాదం ఇదేనా? రెండో సందేహం అసలైనది: ఇక్కడ శుద్ధి అంటే తోమి కడగడమేనా, లేక పాత్ర ఆ వంటకు తగినదై ఉండడమా? రెండో అర్థమే సరైనదైతే నా పాన్ సంగతి కూడా వేమనే తేల్చేసినట్టవుతుంది.

యతిమైత్రి: "పాకమది యేల" కాదండీ, "పాకమేల". మొదటి పాదంలోని "ఆచారమది యేల" మీ రెండో పాదంలోకి జారింది. ఆటవెలది రెండో పాదానికి ఐదూ సూర్యగణాలే కనుక భాండ, శుద్ధి, లేని, పాక, మేల అన్న ఐదు గలాలతో (గురువు, లఘువు కలిసిన గణాలతో) అది అంచు దాకా నిండిపోయింది. మీరు "మది" పోయగానే పొంగి పొర్లింది. భా, పా యతి కూడా చక్కగా కుదిరింది, కాబట్టి ఇందులో చర్చించవలసింది ఏమీ లేదు.

నిఘంటువుల అటక: ఛందస్సు తేలింది కానీ అర్థం తేలలేదు. పుస్తకం చివర అచ్చుతప్పులు సవరించే పుటను మనం శుద్ధిపత్రం అంటాం. ఆ కాగితాన్ని ఎవరూ తోమి కడగరు. కనుక శుద్ధి అంటే తప్పు లేకపోవడం, ఉండవలసిన తీరులో ఉండడం. ఆ లెక్కన భాండశుద్ధి అంటే పాత్ర కొలత, లోహం, ఆకారం వంటకు సరిపోవడమేనని నా అభిప్రాయం, ఇది ఇవాళ పుట్టిన అభిప్రాయం కూడా కాదు. 23 సెంటీమీటర్ల వ్యాసం, 5 సెంటీమీటర్ల లోతు, నిటారు గోడలు ఉన్న గుండ్రటి పాన్ రెండు లీటర్లకు కాస్త పైగా పడుతుంది. పై అంచు దగ్గర అదే 23 ఉన్నా గోడలు ఏటవాలుగా దిగి అడుగు 20కి తగ్గితే, అది పట్టేది సుమారు 1.8 లీటర్లే. లోతు 4 సెంటీమీటర్లయితే నిటారు గోడల పాన్ కూడా 1.7 లీటర్లు దాటదు. మూడింటినీ 23 సెంటీమీటర్ల పాన్ అనే పిలుస్తారు. ఇంతటి అశుద్ధి ఒక్క అంకె వెనుక దాగి ఉంది.

పాకశాల: అటకగారూ, కొలతల విషయంలో మీతో ఏకీభవిస్తాను, అర్థం విషయంలో మాత్రం కాదు. ఆత్మశుద్ధి, భాండశుద్ధి, చిత్తశుద్ధి అని కవి మూడింటిని ఒకే వరుసలో నిలిపాడు. ఆత్మ, చిత్తం రెండూ పైకి కనబడనివి. కనుక భాండశుద్ధి కూడా పాత్రలో పైకి కనబడని చోటికే చెందుతుంది. ఆ చోటు ఏదో నాకు అనుభవం మీద తెలిసింది. తగరం పూత వేసిన ఉక్కు పాన్ ఒకటి చాలాకాలం వాడాను. దాని పై అంచు లోపల తీగ పెట్టి రేకును దాని మీదికి చుట్టి మడిచారు. ప్రతిసారీ కడిగి, గుడ్డతో తుడిచి, బోర్లించి పెట్టేదాన్ని. ఒకనాడు తెల్లటి గుడ్డతో అంచును గట్టిగా అదిమి తిప్పితే గుడ్డ మీద గోధుమ రంగు గీత పడింది. మడత సందులో నీరు నిలిచి లోలోపలే తుప్పు పట్టింది. అప్పటినుంచి కడిగిన లోహపు పాన్‌ను ఇంకా వేడి మిగిలి ఉన్న ఓవెన్‌లో పెట్టి ఆరనిస్తున్నాను. కొనేటప్పుడు రెండు చోట్లు చూడండి: అంచు మడత తెరుచుకుని ఉందా, గోడ అడుగుతో కలిసే మూల మరీ పదునుగా ఉందా. ఆ మూలలో గోరు ఇరుక్కుంటే పిండి కూడా ఇరుక్కుంటుంది.

అరసున్న: గోరు పరీక్ష బాగుంది, తప్పక చేస్తాను. లోహం సంగతి కూడా చెప్పండి.

పాకశాల: అల్యూమినియం స్టెయిన్‌లెస్ స్టీలుకన్నా పది రెట్లకు మించి వేడిని ప్రసరింపజేస్తుంది కనుక, లోతు పాన్‌లో అడుగూ గోడలూ ఇంచుమించు ఒకేసారి కాగుతాయి. పూత లేని అల్యూమినియంలో టమాటా వంటి పులుపు ఎక్కువసేపు ఉంటే పాత్ర నల్లబడి లోహపు రుచి తగులుతుంది. ఆనోడైజ్ చేసినదానికి, అంటే పైన గట్టి ఆక్సైడ్ పొర ఏర్పరచినదానికి, ఆ బాధ లేదు. ముదురు రంగు పాన్ ఓవెన్ వేడిని ఎక్కువగా పీల్చుకుని అడుగును త్వరగా ఎర్రబరుస్తుంది. గాజు పాన్ నెమ్మదిగా కాగి నెమ్మదిగా చల్లారుతుంది కనుక ఉష్ణోగ్రతను 15 డిగ్రీల సెల్సియస్ వరకు తగ్గించడం వాడుక. దానిలో అడుగు రంగు కంటికి కనబడుతుంది, అది చిన్న లాభమేమీ కాదు. అంటుకోకుండా టెఫ్లాన్ పూత వేసిన పాన్‌ను 260 డిగ్రీలు దాటనివ్వకూడదు, ఖాళీగా కాచకూడదు.

యతిమైత్రి: పాత్రల ప్రస్తావన వచ్చింది కాబట్టి స్థాలీపులాకన్యాయం గుర్తు చేయకుండా ఉండలేను. గిన్నెలో ఒక్క మెతుకు పట్టి చూస్తే మొత్తం అన్నం ఉడికిందో లేదో తెలుస్తుందని కదా ఆ న్యాయం. లోతు పాన్‌లో ఆ న్యాయం ఓడిపోతుంది. గోడ పక్కన పిండి కాలి రంగు తిరిగినా నడిమధ్యన పచ్చిగానే ఉండవచ్చు. పుల్ల గుచ్చదలిస్తే మధ్యలోనే గుచ్చాలి. మెతుకు ఎక్కడిదన్న విచారం ఆ న్యాయానికి లేదు.

నిఘంటువుల అటక: ఆ న్యాయం పొయ్యి మీద, నీళ్లలో ఉడికే అన్నానికి పుట్టింది. ఓవెన్‌లో జరిగేది పుటపాకానికి దగ్గర: మూసిన చోట, నలువైపుల నుంచి వేడి. ఇక సంస్కృత నాటకకర్త భవభూతిని ఎవరు ఆపగలరు? ఉత్తరరామచరితం మూడో అంకం మొదట్లో మురల అనే నది నోట రాముడి దుఃఖాన్ని పుటపాకంతో పోలుస్తూ ఎంత మాట అనిపించాడు: "అనిర్భిన్నో గంభీరత్వాత్", లోతు వల్ల పైకి పగలక, లోపలే కుమిలే వ్యథ. లోతు పాన్‌కు ఇంతకన్నా మంచి లక్షణం ఎవరూ రాయలేదు. నన్నడిగితే దాన్ని పుటపాత్ర అనాలి.

యతిమైత్రి: గంభీరత్వాత్ కాదు, గభీరత్వాత్. అనుష్టుప్పులో ఐదో అక్షరం లఘువు. మీ సున్న దాన్ని గురువు చేసేసింది. ఉదయం అరసున్నగారికి ఎక్కువైంది, మధ్యాహ్నం మీకు ఎక్కువైంది.

నిఘంటువుల అటక: రెండింటి అర్థమూ లోతే కనుక జ్ఞాపకం దొర్లింది, ఒప్పుకుంటున్నాను. శుద్ధిపత్రంలో వేసుకుంటాను, శుద్ధి అంటే సవరణ అన్న నా వాదానికి ఇది మరొక సాక్ష్యం.

పాకశాల: పుటపాత్ర అని అడిగితే ఎవరికీ అర్థం కాదు. పెనం బల్లపరుపుగా ఉంటుంది, బాణలి అడుగు గుండ్రంగా ఉంటుంది, పళ్ళానికి లోతు చాలదు. ఉన్న మాటల్లో మూకుడే దగ్గర.

నిఘంటువుల అటక: మూకుడు ఎలా కుదురుతుంది? మా అమ్మమ్మకు మూకుడంటే కుండ మీద మూత. దాని పుట్టుక "మూయు" దగ్గర ఉందనే నేను అనుకుంటాను.

పాకశాల: మా అత్తగారికి మూకుడంటే వేపుళ్లు చేసే పాత్ర. నిఘంటువులో రెండర్థాలూ ఉన్నాయి, పుట్టుక గురించి మీరు చెప్పినది మాత్రం మీ ఊహ.

అరసున్న: మీ మాటలన్నీ దగ్గర పెట్టుకుని ఇవాళ ఎంపిక చేశాను: 23 సెంటీమీటర్లు, 5 లోతు, నిటారు గోడలు, ఆనోడైజ్ చేసిన అల్యూమినియం, అంచుకు మడత లేదు, మూలలో గోరు ఇరుక్కోలేదు. కొనే ముందు ఓవెన్ లోపలి వెడల్పు కూడా కొలిచాను. చుట్టూ వేడిగాలి తిరగడానికి మూడేసి సెంటీమీటర్లు మిగులుతున్నాయి. శుద్ధి అర్థం మాత్రం నాకు ఇంకా తేలలేదు. పైగా కొత్త సందేహం ఒకటి వచ్చి పడింది. ఈ పాన్‌కు మూత విడిగా అమ్ముతున్నారు. పాన్ మూకుడైతే, దాని మీద పెట్టేదాన్ని ఏమనాలి?

నిఘంటువుల అటక: మూకుడనే.