కొత్త టైర్లతో మూడో రోజే కొండెక్కొచ్చా? 'అరగనివ్వాలి' అనేది నిజమా, పాత కథా?

అలిపిరి_రైడర్
నిన్న సాయంత్రం బండికి ముందూ వెనకా రెండు టైర్లూ మార్పించాను. పాతవి మధ్యలో పూర్తిగా గుండు అయిపోయాయి. శనివారం పొద్దున్నే మా ఆవిడతో కలిసి బైక్ మీదే తిరుమల వెళ్ళాలని అనుకున్నాం. టైర్లు వేసినతనేమో "రెండొందల కిలోమీటర్లు తిరిగేదాకా బండిని వంచొద్దు" అన్నాడు. ఆఫీసులో ఒకన్న ఏమో "అదంతా పాతకాలం మాట, ఇప్పటి టైర్ల మీద మైనం లాంటి పూత ఉండదు, నువ్వు పోరా" అంటున్నాడు. ఇద్దరూ బండ్లు తెలిసినవాళ్ళే. ఎవరి మాట వినాలి?

పాతబుల్లెట్
షాపతని మాటే విను. కొత్త టైరు మీద బొటనవేలు పెట్టి రుద్ది చూడు, నున్నగా జారుతుంది. అదే నెల తిరిగిన టైరును రుద్దు, వేలు పట్టేస్తుంది. ఆ నునుపు పోయేదాకా గ్రిప్ రాదు. డన్‌లప్ లాంటి కంపెనీలే మొదటి 100 మైళ్ళు, అంటే 160 కిలోమీటర్లు, జాగ్రత్తగా నడపమంటాయి. తన టైరు గురించి కంపెనీవాడే అట్లా చెప్తుంటే ఆఫీసన్న ఎవరు?

లాజిక్_మాస్టారు
కంపెనీవాడు చెప్పేది రేపు ఎవరైనా కేసు వేస్తే తప్పించుకోవడానికి సార్. అందరూ మైనం అనేది టైరు తయారీలో అచ్చుకు అంటుకోకుండా పూసే మందును, ఈ భయమంతా దాని గురించే. ఇప్పుడు చాలాచోట్ల అచ్చుకే కోటింగ్ ఉంటుంది, టైరు మీద పూత పూసే పని తగ్గిపోయింది. రేసుల్లో చూడండి, కొత్త టైరు వేసుకుని పిట్‌లోంచి, అంటే ట్రాక్ పక్కన బండ్లు సిద్ధం చేసే చోటు నుంచి, బయటికి వస్తారు, రెండో ల్యాప్‌కే మోకాలు నేలకు ఆనిస్తారు. పైగా మన తిరుపతి ఎండకు రోడ్డు పెనంలా కాలుతుంది. టైరు వేడెక్కడానికి ఎంతసేపు?

పాతబుల్లెట్
రేసు సంగతి ఎత్తావు కాబట్టి అడుగుతున్నా. ఆ టైరు పిట్‌లో ఎట్లా ఉంటుంది? కరెంటు దుప్పట్లు చుట్టి 80, 90 డిగ్రీలకు కాచి పెడతారు. అయినా మొదటి ల్యాప్ వాళ్ళు జాగ్రత్తగానే తిప్పుతారు. మనం తెల్లారి అయిదున్నరకు, నవంబరు మంచులో, ఇంటి ముందు నుంచి చల్లటి టైరుతో బయల్దేరతాం. ఎండ ఎక్కడిది?

షార్ట్‌కట్_సీను
ఇంత గొడవెందుకు బ్రదర్స్. ఉప్పు కాగితంతో టైరు చుట్టూ ఒకసారి గీకేసి, పెట్రోలు గుడ్డతో తుడిచేస్తే అయిపాయ. పది నిమిషాల పని.

టైర్లషాపు_తమ్ముడు
సీనన్నా, దయచేసి పెట్రోలు వద్దు. పెట్రోలు, థిన్నర్, కిరసనాయిలు ఏదైనా రబ్బరును పాడుచేస్తుంది. షోరూం మెరుపు కోసం కొందరు పాలిష్ కొడతారు, అది టైరు పక్కగోడకే. రోడ్డుకు ఆనే చోట చుక్క పడినా ప్రమాదం. ఉప్పు కాగితంతో పై మెరుపు పోతుందేమో గానీ, చేత్తో గీకితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పోతుంది.

మైనం గురించి అందరూ మాట్లాడుతున్నారు, సబ్బు గురించి ఎవరూ అడగట్లేదు. టైరును రిమ్ములోకి ఎక్కించేటప్పుడు అంచుకు సబ్బు నీళ్ళో పేస్టో రాస్తాం. అది పూర్తిగా ఆరడానికి ఒక రోజు పట్టొచ్చు. ఆరకముందే గట్టిగా బ్రేకు కొడితే, రిమ్ము ఆగినా దాని మీద టైరు కొంచెం తిరిగిపోవచ్చు. అందుకే మొదటి రోజు సడన్ బ్రేకులు వద్దంటాం.

ఇంకోటి. టైరు అంచు రిమ్ములో సరిగ్గా కూర్చోడానికి గాలి ఎక్కువ కొడతాం, 40 పైకి కూడా పోతుంది. తర్వాత తగ్గించి పంపాలి. రద్దీలో కొన్ని షాపులవాళ్ళు అట్లాగే పంపేస్తారు. అలిపిరి అన్నా, బండి చల్లగా ఉన్నప్పుడు చెక్ చేయించు, బండి మీది స్టిక్కర్‌లో ఇద్దరు ఎక్కితే ఎంత అని ఉందో అంతే ఉంచు. రిమ్ము పక్కన టైరు మీద సన్నటి గీత ఒకటి చుట్టూ ఉంటుంది చూడు. అది రిమ్ముకు అన్నిచోట్లా ఒకే దూరంలో ఉండాలి. ఒకచోట లోపలికి దిగిపోయినట్టుంటే సరిగ్గా కూర్చోలేదని అర్థం, వెంటనే షాపుకు పో. బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉందా అనేది కూడా చూసుకో.

చిత్తూరు_మామిడి
ఇంత ఆలోచన ఎందుకన్నా, రేపు చంద్రగిరి మీదుగా మా చిత్తూరుకు రా. కాణిపాకం దర్శనం చేసుకుని వెనక్కి పో. నూట యాభై దాకా అయిపోతుంది. లెక్క సరి.

కొండదారి_అక్క
లెక్క సరే, టైరు సరికాదు. చిత్తూరు రోడ్డు చాలావరకు నేరుగా ఉంటుంది. వెళ్ళొచ్చాక టైరు చూడండి, మధ్యలో నల్లగా మాసి ఉంటుంది, అంచులు షాపులో ఉన్నట్టే మెరుస్తుంటాయి. కొండ మలుపులో బండి వాలేది ఆ మెరిసే భాగం మీదే. మీటర్‌లో 160 తిరిగిందని ధైర్యంగా వాలిస్తే, ఆ అంచుకు అదే మొదటి కిలోమీటరు. టైరు మీద రబ్బరు మీసాలు రాలిపోయాయా లేదా అని చూసేవాళ్ళూ ఉన్నారు, అదీ కొలత కాదు.

లాజిక్ మాస్టారూ, మైనం లేదనే మీ మాట ఒప్పుకుంటాను, అంతమాత్రాన జాగ్రత్త అక్కర్లేదని కాదు. అసలు సంగతి ఆకారం. అలిపిరి తమ్ముడి పాత టైర్లు మధ్యలో గుండు, అంటే అడుగు చదును. అలాంటి బండిని వంచాలంటే బలంగా తోయాలి. మనకు తెలీకుండానే చేతులు దానికి అలవాటు పడిపోతాయి. కొత్త టైరు గుండ్రం. అదే బలంతో తోస్తే బండి అనుకున్నదానికంటే ముందే పడిపోతున్నట్టు వాలుతుంది. కంగారులో ముందు బ్రేకు పట్టుకుంటారు. అక్కడ జారితే అందరూ తిట్టేది మైనాన్ని.

కారణం ఏదైతే ఏంటి, మెల్లగా పోవడమేగా అనొచ్చు. కానీ మైనమే కారణమైతే సీను ఉప్పు కాగితంతో పని అయిపోవాలి. ఆకారం, అలవాటు కారణమైతే కాగితం ఎందుకూ పనికిరాదు, నడిపేవాడే తిరగాలి, కొద్దికొద్దిగా వాలు పెంచుకుంటూ.

ఎక్కడం గురించి నాకు భయం లేదు. ఎక్కే దారి 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు, పైకి పోయేటప్పుడు వేగం దానంతటదే తగ్గుతుంది. దిగేది 1944 నాటి పాత రోడ్డు. మలుపు మీద మలుపు, బరువంతా ముందు చక్రం మీదే. వెనక మనిషి ఉంటే ఇంకా ఎక్కువ. సెకండ్ గేర్‌లో దిగండి, బ్రేకు పని మలుపుకు ముందే ముగించండి. బ్రేకు కొడితే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉందని ధీమా వద్దు. మామూలు బండ్లలో వచ్చే ఏబీఎస్ నిటారుగా ఉన్నప్పుడు కాపాడినట్టు వాలినప్పుడు కాపాడదు.

లాజిక్_మాస్టారు
ఆకారం సంగతి ఒప్పుకుంటాను అక్కా, అది నేను ఆలోచించలేదు. కానీ ఇక్కడ ఎవరూ ఘాట్‌లో రేసు పెట్టట్లేదు కదా. ఘాట్ దిగడానికి పెట్టిన కనీస టైం కంటే ముందే దిగితే టీటీడీవాళ్ళే పట్టుకుంటారు. ఆ వేగానికి ఏ టైరు అంచూ పూర్తిగా నేలకు ఆనదు. అంటే మామూలుగా నడిపేవాడికి ఈ నియమం అక్కర్లేదనేగా?

కొండదారి_అక్క
పొడి రోడ్డు మీద, ఒక్కడే అయితే, చాలావరకు అంతే. వాన పడితే? మలుపులో ముందు బస్సు ఆగిపోతే? వాలు తక్కువైనా బ్రేకు గట్టిగా పడుతుంది.

పాతబుల్లెట్
ఇంతకీ నేను మొదట చెప్పిందేగా ఇది!

అలిపిరి_రైడర్
అందరికీ థాంక్స్. ఇందాక బంకు దగ్గర గాలి చూపిస్తే వెనక టైరులో 44 ఉంది! తమ్ముడూ, నువ్వు చెప్పకపోతే అట్లాగే ఎక్కేవాడిని. గీత మాత్రం చుట్టూ సమంగానే ఉంది. రేపు సాయంత్రం ఒక్కడినే ఊళ్ళో అన్ని సర్కిళ్ళూ రెండు వైపులా తిరిగి, చంద్రగిరి దాకా వెళ్ళొస్తా. బండి వాలే తీరు చేతికి వచ్చిందనిపిస్తేనే శనివారం మా ఆవిడను ఎక్కించుకుంటా. వాన పడితే బస్సుకు పోతాం.

షార్ట్‌కట్_సీను
అంటే ఉప్పు కాగితం వద్దా?

టైర్లషాపు_తమ్ముడు
వద్దన్నా.

లాజిక్_మాస్టారు
ఏదేమైనా మైనం మాత్రం లేదు.