ఇంట్లో కారు ఛార్జింగ్: సాకెట్ వేడెక్కుతోంది, గోడ ఛార్జర్ పెట్టిస్తే సరిపోతుందా?

ప్రశ్న

నేను విద్యుత్ కారు కొని మూడు నెలలయింది. బ్యాటరీ సామర్థ్యం 40 కిలోవాట్ అవర్లు. కారుతో పాటు ఇచ్చిన 3 కిలోవాట్ల పోర్టబుల్ ఛార్జర్‌ను పార్కింగ్ దగ్గర అంతకుముందే ఉన్న 16 ఆంపియర్ల సాకెట్‌కు తగిలించి రాత్రిళ్లు ఛార్జ్ చేసుకుంటున్నాను. మొన్న తెల్లవారుజామున ప్లగ్గు పీకబోతే వేళ్లు చురుక్కుమన్నాయి. దీపం వేసి చూస్తే సాకెట్‌లో ఒక రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, కొద్దిగా వంగి ఉంది. ఇంత జరిగినా ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్) ఒక్కసారి కూడా పడలేదు.

గోడకు బిగించే 7.4 కిలోవాట్ల ఛార్జర్ పెట్టిస్తే ఈ సమస్య తీరుతుందా? మెయిన్ బోర్డు నుంచి పార్కింగ్ వరకు తీగ దూరం సుమారు 30 మీటర్లు. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలునని ఎలక్ట్రీషియన్ అంటున్నారు. మాది సింగిల్ ఫేజ్ కనెక్షన్, మంజూరైన లోడు 5 కిలోవాట్లు.

మొదటి జవాబు

ముందుగా ఆ సాకెట్ వాడకం ఈ రోజే ఆపేయండి. ఎంసీబీ పడలేదంటే అంతా క్షేమమని అర్థం కాదు. అది తన గుండా ఎంత కరెంటు పోతోందో చూస్తుందే తప్ప ఎక్కడ వేడి పుడుతోందో దానికి తెలియదు. మీ ఛార్జర్ తీసుకునేది 13 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దృష్టిలో అందులో తప్పేమీ లేదు. కానీ సాకెట్ లోపలి రేకు పట్టు వదిలినా, వెనుక స్క్రూ వదులైనా అక్కడ 0.1 ఓమ్ నిరోధం ఏర్పడిందనుకోండి, 13 ఆంపియర్లకు ఆ ఒక్క చోటే సుమారు 17 వాట్ల వేడి పుడుతుంది. బొటనవేలి గోరంత జాగాలో అంత వేడి గంటల తరబడి నిలిస్తే ప్లాస్టిక్ మాడక ఏమవుతుంది? ఇస్త్రీపెట్టె వేడెక్కగానే ఆగుతుంది, గీజర్ అరగంటలో ఆగుతుంది. కారు మాత్రం 20 శాతం నుంచి 80 శాతానికి రావడానికి మీ ఛార్జర్‌తో తొమ్మిది గంటల దాకా ఏకధాటిగా లాగుతుంది. ఇళ్లలోని మామూలు సాకెట్లు ఇలాంటి వాడకం కోసం చేసినవి కావు.

ఇక తీగ సంగతి. 7.4 కిలోవాట్లంటే 32 ఆంపియర్లు. రానుపోను 60 మీటర్ల రాగి తీగ 4 చదరపు మిల్లీమీటర్లదైతే దాని నిరోధం దాదాపు 0.28 ఓమ్ ఉంటుంది కాబట్టి 9 వోల్టులు దారిలోనే పడిపోతాయి, 280 వాట్లకు పైగా గోడలోని పైపును వేడి చేయడానికే పోతాయి. 6 వేస్తే ఆ నష్టం సుమారు 190 వాట్లకు, 10 వేస్తే 110 వాట్లకు తగ్గుతుంది. 32 ఆంపియర్లకు 6 కంటే తక్కువ వేయనివ్వకండి. మీ దూరానికి నేనైతే 10 వేయిస్తాను. ఛార్జర్‌ను ఎప్పుడైనా మార్చుకోవచ్చు, గోడను మళ్లీ మళ్లీ పగలగొట్టలేం కదా.

ఆ తీగ మెయిన్ బోర్డు నుంచి మధ్యలో అతుకు లేకుండా, మరే ఉపకరణానికీ పంచకుండా రావాలి. దానికి 40 ఆంపియర్ల ఎంసీబీ, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీడీ (కరెంటు లీకైతే పసిగట్టి సరఫరా ఆపేసే పరికరం) విడిగా ఉండాలి. ఆర్‌సీడీ కొనేటప్పుడు దాని రకం తప్పక చూడండి. కారు వైపు నుంచి డీసీ కరెంటు లీకైతే ఏసీ రకం ఆర్‌సీడీలోని ఇనుప వలయం అయస్కాంతత్వంతో నిండిపోయి, అసలు లీకేజీ వచ్చినప్పుడు కదలకుండా ఊరుకోవచ్చు. ఛార్జర్‌లోనే 6 మిల్లీఆంపియర్ల డీసీ లీకేజీని పసిగట్టే ఏర్పాటు ఉంటే ‘టైప్ A’ ఆర్‌సీడీ చాలు, లేకుంటే ‘టైప్ B’ కావాలి.

రెండో జవాబు

మీ కారు 7.4 కిలోవాట్లు తీసుకోగలదో లేదో చూశారా? గోడకు బిగించే పెట్టెను ఛార్జర్ అని పిలుస్తున్నాం గానీ, ఏసీని డీసీగా మార్చే అసలు ఛార్జర్ కారులోనే ఉంటుంది. గోడ మీది పెట్టెలో ఉండేది ఒక కాంటాక్టర్ (కరెంటును కలిపి, విడదీసే పెద్ద స్విచ్), రక్షణ పరికరాలు, కారుతో మాట్లాడే చిన్న సర్క్యూట్ మాత్రమే. పైలట్ అనే సన్నని తీగ మీద సెకనుకు వెయ్యి సార్లు ఒక పల్స్ పంపి, ఆ పల్స్ వెడల్పుతో ఇంతకు మించి లాగవద్దని కారుకు చెబుతుంది. వెడల్పు 26.7 శాతమైతే 16 ఆంపియర్లు, 53.3 శాతమైతే 32. కారు సిద్ధమని బదులిచ్చాకే కాంటాక్టర్ మూసుకుని కరెంటు పారుతుంది. కారులోని ఛార్జర్ 3.3 కిలోవాట్లదైతే మీరు ఎంత పెద్ద పెట్టె పెట్టినా వేగం పెరగదు.

మూడో జవాబు

పై ఇద్దరూ చెప్పింది నిజమే గానీ, అసలు అంత వేగం మీకు అవసరమా అని నా సందేహం. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే చిన్న కారుకు నష్టాలతో కలిపి 7 యూనిట్లు పడతాయనుకుందాం. 16 ఆంపియర్ల వద్ద రెండు గంటల్లో ఆ పని అయిపోతుంది. మీ లోడు 5 కిలోవాట్లే కాబట్టి 32 ఆంపియర్లు పెట్టాలంటే ముందు లోడు పెంచుకోవాలి. చాలా గోడ ఛార్జర్లలో గరిష్ఠ కరెంటును తగ్గించి పెట్టుకునే వీలుంటుంది. 16 దగ్గర ఉంచి, ఇల్లు నిద్రపోయాక మొదలయ్యేలా సమయం పెట్టుకోండి.

ఎర్త్ గురించి ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో ఛార్జర్ పెట్టిన రోజే ఎర్ర దీపం వెలిగి మొరాయించింది. సాకెట్ పెట్టె విప్పితే పచ్చ తీగ కొసకు టేపు చుట్టి లోపల ముడుచుకుని ఉంది. ఇల్లు కట్టినప్పటి నుంచి దాన్ని ఎవరూ కలపలేదు. వచ్చిన మనిషి న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు ఒక ముక్క తీగ వేస్తే దీపం పోతుందన్నారు. పోతుంది, నిజమే. కానీ ఏనాడైనా పైన న్యూట్రల్ తెగిందంటే కారు ఒళ్లంతా 230 వోల్టులు ఎక్కి కూర్చుంటాయి. ఆయన్ను పంపించేసి వేరే మనిషి చేత ఎర్త్ పిట్ వేయించాను.

ప్రశ్న అడిగిన వారి నుంచి

అందరికీ ధన్యవాదాలు. సాకెట్ విప్పించాను. న్యూట్రల్ స్క్రూ వేలితోనే తిరిగేంత వదులుగా ఉంది, దాని దగ్గర రెండంగుళాల మేర తీగ తొడుగు నల్లబడి పెళుసెక్కింది. కారు పుస్తకం ప్రకారం లోపలి ఛార్జర్ 7.2 కిలోవాట్లది. అందుకే తీగ 10 వేయించి, గోడ ఛార్జర్‌ను ప్రస్తుతానికి 16 ఆంపియర్ల దగ్గర పెట్టించాను. లోడు పెంపు మంజూరయ్యాక 32కు మారుస్తాను. ఛార్జింగ్ నడుస్తుండగా న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే 1.2 వోల్టులే వచ్చింది, అది మామూలే. రెండు గంటలయ్యాక ఎంసీబీ మీదా, తీగ చేరే చోట పెట్టె మీదా చేయి పెట్టి చూస్తే గోరువెచ్చగా కూడా లేదు. నెల తరువాత స్క్రూలన్నీ మరోసారి బిగించి వెళతానని ఎలక్ట్రీషియన్ చెప్పారు. పాత సాకెట్ ఉన్న చోట ఖాళీ ప్లేటు వేయించేశాను.